ఏడో నంబరు జెర్సీ

ఆ బంతిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు బొప్పాయికాయ గుర్తొచ్చింది. రెండు పక్కలా మొన తేలి, నడుమ లావుగా, తోలుతో కుట్టిన ఎర్ర బంతి. పెనుకొండలో కొండ కిందుండే కాలేజీ గ్రౌండులో, ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున, మా డ్రిల్లు సారు దాన్ని నేలకేసి కొట్టినాడు. అది నేరుగా పైకి లేయకుండా పక్కకు ఎగిరి, పోలీసు సెలెక్షన్ల కోసం పరిగెత్తుతున్న ఒకతని కాళ్ళ మధ్యలో దూరింది. అమ్మాయిలంతా నవ్వినాము. సారు నవ్వలేదు.

"నవ్వండి, నవ్వండి. ఇంకో నెలకు ఇది మీ మాట ఇంటాది," అన్నాడు.

దాని పేరు ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ అని చెప్పినాడు. బెంగళూరులో వారం రోజుల క్యాంపుకు పోయి నేర్చుకొని వచ్చినాడంట. ఆ బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకొని పరిగెత్తొచ్చు. పరిగెత్తేటప్పుడు మాత్రం మధ్యమధ్యలో నేలకు కొట్టి మళ్ళ అందుకోవల్ల. పక్కనున్న వాళ్ళకు ఇయ్యాలంటే విసరకూడదు, ఒక అరచేతిలో పెట్టుకొని ఇంకో చేతి పిడికిలితో గుద్దల్ల. గ్రౌండుకు రెండు కొసల్లో నాలుగేసి కట్టెలు నిలబెట్టుంటారు. నడిమి కట్టెల మధ్యలోంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లో పోతే ఒకటే. ఎవరైనా దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే గాలిలో పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టిన మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. నిమ్మళంగా నిలబడి, ఊపిరి తీసుకొని, చూసి తన్నుకోవచ్చు. అన్ని రూల్సులో నాకు నచ్చింది అదొక్కటే.

నాది హిందూపురం. మాది దూదేకుల ఇల్లు. నాయన పరుపులు, మెత్తలు కుట్టేవాడు, ఇప్పటికీ కుడతాడు. నేను డిగ్రీ అయిపోయి, బస్టాండు కాడ ఒక జెరాక్సు సెంటరులో పనికి కుదిరినాను. అప్లికేషన్లు నింపడం, ఫొటోలు సైజు తగ్గించడం, కాగితాలు స్కాను చేసి ఆన్‌లైనులో ఎక్కించడం నా పని. చిన్నప్పటినుంచి నాకు డ్రిల్లు టీచరు కావల్లని ఉండేది. మా ఇస్కూల్లో డ్రిల్లు టీచరమ్మ ఈల ఊదితే మూడొందల మంది పిల్లోళ్ళు కదలకుండా నిలబడేవాళ్ళు. ఆ ఈల నా మెడలో ఉన్నట్లు శానా మార్లు అనుకున్నాను. డ్రిల్లు టీచర్ల కోర్సులో చేరాలంటే పరీక్ష ఉంటుంది, పరుగు ఉంటుంది, వాటితో పాటు రాష్ట్రస్థాయిలో ఏదైనా ఆట ఆడినట్లు సర్టిఫికెట్టుంటే దానికి వేరే మార్కులు కలుస్తాయి. నేను ఈ సారు దగ్గరే ఖోఖో ఆడినాను గానీ మండలం దాటలేదు. సారు ఈ కొత్త ఆట సంగతి చెప్పి, "ఇది ఆడేవాళ్ళు మన పక్క ఎవరూ లేరు. నేర్చుకుంటే ఏడాదిలోపల రాష్ట్రం టోర్నమెంటుకు పోవచ్చు" అన్నప్పుడు, అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

కాదు, ఇద్దరం ఒకేసారి ఎత్తినాము. నేనూ, నా స్నేహితురాలూ.

ఆమెది పెనుకొండకు అవతల ఒక మెట్ట పల్లె. ఇంట్లో గొర్రెలు. ఆమె చిన్నప్పుడే నాయన పోయినాడు. అమ్మ, అవ్వ, ఆమె కలిసి మందను కాసేవాళ్ళు. డిగ్రీలో మూడేండ్లూ నా పక్క బెంచీ. పొద్దున ఐదు గంటలకు లేచి దొడ్డి ఊడ్చి, పాలు పిండి, బస్సు పట్టుకొని కాలేజీకొచ్చేది. క్లాసులో నిద్రపోయేది. పరీక్షల ముందర నా నోట్సు తీసుకొని చదివి నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునేది. ఆమె మీద నాకెప్పుడూ కుళ్ళు పుట్టలేదు. ఆ మాట ఇప్పుడు రాసేటప్పుడు గూడా ఒకసారి ఆగి ఆలోచించుకున్నాను. నిజంగానే పుట్టలేదు.

మా టీములో పన్నెండు మంది. హిందూపురం నుంచి ముగ్గురం, పెనుకొండ చుట్టుపక్కల నుంచి ఐదుగురు, ధర్మవరం నుంచి నలుగురు. ధర్మవరం అమ్మాయిలందరివీ మగ్గాల ఇండ్లు. పొద్దున్నే రైలు దిగి, చేతులకు జరీ నూగు అంటుకొని ఉండగానే వచ్చేవాళ్ళు. ప్రతి ఆదివారం, మధ్యలో ఒక గురువారం ప్రాక్టీసు. ఆ గురువారం పొద్దున కోసం నేను అంగడి ఓనరును బతిమాలుకొని, బదులుగా పండగ రోజుల్లో పని చేసేదాన్ని.

మొదటి రెండు నెలలూ ఆ బంతి మా మాట వినలేదు. తన్నితే ఒకపక్కకు, పడితే ఇంకోపక్కకు. గ్రౌండు చుట్టూ పొద్దున వాకింగు చేసే పెద్దోళ్ళు నిలబడి, "ఏమ్మా, ఈ ఆటలో గెలిచేది మీరా, బంతా?" అని అడిగేవాళ్ళు. నా స్నేహితురాలు మాత్రం పదిహేను రోజుల్లో పట్టేసింది. ఆమెకు ఎగిరి పట్టడం పుట్టుకతో వచ్చినట్లు వచ్చింది. బంతి కావల్లంటే గొర్రెలను అదిలించే కేక పెట్టేది. ఆ కేక ఇంటే నాకు తల తిప్పాల్సిన పని లేదు. ఆమె యాడుందో తెలిసిపోయేది, ఆ దిక్కుకు తన్నేదాన్ని. ఆమెను సారు కెప్టెన్ చేసినాడు, ఆరో నంబరు జెర్సీ ఇచ్చినాడు. నాది ఏడు.

వానాకాలంలో ఒకసారి ధర్మవరం అమ్మాయి ఒకామె బంతి వెనకాల పరిగెత్తి గోలు కట్టెకు నుదురు కొట్టుకుంది. బొప్పి కట్టి, కన్ను మూసుకుపోయింది. ఇంటికి పోయి నాయనకు చెప్పినాను. ఆయన ఆ వారమంతా అంగడి కట్టేసినాక కూర్చొని, మందపాటి గుడ్డలో దూది కూరి, మనిషి ఎత్తు ఉండే పొడుగు మెత్తలు నాలుగు కుట్టినాడు. ఆదివారం వాటిని బస్సు టాపు మీదేసుకొని నాతో పాటు పెనుకొండకు వచ్చి, నడిమి గోలు కట్టెలకు తన చేత్తోనే చుట్టి తాళ్ళతో బిగించినాడు. ఆ బొప్పి కట్టిన అమ్మాయిని పిలిచి, "ఇప్పుడు గుద్దుకోమ్మా, చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వినారు.

సారు నాయన చేతులు పట్టుకున్నాడు. "మీ పాప నా బిడ్డ లెక్క. ఆమె సంగతి నాకొదిలేయండి," అన్నాడు.

నాయన ఆ మాట ఇంట్లో అమ్మకు రెండుసార్లు చెప్పినాడు.

సారును గురించి మంచి చెప్పకుంటే తప్పవుతుంది. ఆయన ఒక ఇస్కూల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఇల్లు ధర్మవరంలో, ఉద్యోగం పెనుకొండలో. ఇంటి కాడ తల్లికి పక్షవాతం. పొద్దున ఆమెకు స్నానం చేయించి, తినిపించి బయల్దేరేవాడు. అయినా ఒక్క ఆదివారం ఆలస్యంగా రాలేదు. సున్నంతో గ్రౌండు గీతలు తానే గీసేవాడు. మా ఇండ్లలో ఆడపిల్లలు పొట్టి నిక్కర్లు వేసుకునేదేమని అన్నప్పుడు, ఇంటింటికీ పోయి కూర్చొని, టీ తాగి, పొడుగు ప్యాంట్లతోనే ఆడిస్తానని ఒప్పించినాడు. మేము ఆయన్ను నమ్మడానికి కారణాలు లేకపోలేదు.

టోర్నమెంటు కోస్తాలో, సముద్రం పక్కనుండే ఒక చిన్న ఊర్లో పెట్టినారు. చలికాలం. ధర్మవరం స్టేషనులో రైలెక్కినాము. చలికాలమని మేము స్వెట్టర్లు తీసుకుపోతే, ఆడ దిగేసరికి చెమటలు. ఆ గాలే వేరు, ఒళ్ళంతా జిగట. గ్రౌండు ఇసుక నేల, బంతి మా పక్క ఎగిరినట్లు ఎగరదు. చేతుల్లోంచి సబ్బు మాదిరి జారేది. తొమ్మిదేసి మంది ఆడే ఆట. పొద్దున సారు మా ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించి, మూతి కట్టి తన దగ్గర పెట్టుకున్నాడు. "ఆట అయ్యేదాకా ఆట మీదే మనసుండల్ల. ఫొటోలు నేను తీస్తాలే," అన్నాడు.

మొదటి మ్యాచి ఓడిపోయినాము. రెండోది గెలిచినాము. మూడో స్థానం కోసం ఆడిన ఆఖరి మ్యాచిలో, ఇంకా రెండు నిమిషాలుండగా మేము నాలుగు పాయింట్లు వెనకబడినాము. నా స్నేహితురాలు నడిమి గ్రౌండులో బంతి అందుకొని, తల ఎత్తి నన్ను చూసి, తన్నింది. నా ముందర ఒకామె, వెనకాల ఒకామె. ఎట్ల ఎగిరినానో నాకు తెల్దు. బంతి రెండు చేతుల్లో పడి, గుండెకు తగిలి, ఆడనే ఉండిపోయింది. రెఫరీ ఈల ఊదినాడు. మార్క్. అందరూ వెనక్కి జరిగినారు. గోలు నలభై అడుగులు ఉంటాదేమో, రొంత పక్కకుంది. నేను తన్నినాను. కట్టెల మధ్యలోంచి పోయింది. ఆరు పాయింట్లు.

ఆ ఏడాదంతటిలో, నిజం చెప్పాలంటే అంతకు ముందు ఏడాదులన్నిటిలో గూడా, నాకు అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. నా స్నేహితురాలు పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను ఎత్తుకునింది. ఇద్దరం ఇసుకలో పడినాము. సాయంత్రం అందరం సముద్రం కాడికి పోయినాము. పన్నెండు మందిలో పదిమందికి అదే మొదటిసారి. మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి ఆమె దోసిట్లో నీళ్ళు తీసుకొని చూసింది. తర్వాత, "ఇన్ని నీళ్ళు ఈడ ఊరికే ఉండాయి సూడు. మా చెరువు దిక్కు ఒక పాయ రాకపాయ," అనింది.

ఇంటికొచ్చిన నెలకు సర్టిఫికెట్లు వచ్చినాయి. ఆదివారం ప్రాక్టీసు అయినాక సారు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, నంబరు ప్రకారం పిలిచి ఇచ్చినాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు అన్నాడు, నా స్నేహితురాలు లేచి తీసుకునింది. నేను లేవబోయినాను. ఎనిమిది అన్నాడు.

"నీదాంట్లో పేరు తప్పు పడిందమ్మా. తిరగ్గొట్టి పంపినా. వస్తాదిలే," అన్నాడు.

ఎవరిదో ఒకరిది తప్పు పడుతుంది, నాది పడింది అనుకున్నాను. నేను చేసే పని అదే కదా, ఎంతమంది పేర్లలో తప్పులు దిద్దుతాను. నా స్నేహితురాలి సర్టిఫికెట్టు తీసుకొని చదివినాను. దాని మీద ఆమె పేరు, జిల్లా, మూడో స్థానం, ఆరో నంబరు. ల్యామినేషను నేనే చేసిస్తానన్నాను. మరుసటి వారం మా అంగడిలో చేసిచ్చినాను గూడా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సారును అడిగేదాన్ని. వస్తాదిలేమ్మా అనేవాడు. రంజాను నెల వచ్చింది. ఉపవాసం ఉంటూనే ప్రాక్టీసుకు పోయేదాన్ని. పరుగులు అయినాక అందరూ నీళ్ళ కాడికి పోతే నా స్నేహితురాలు మాత్రం పోయేది కాదు, నాతో పాటు గట్టు మీద కూర్చునేది. "నువ్వు తాగకుండా నేనెట్ల తాగేది?" అనేది. తాగమని నేను బలవంతం చేస్తే, తల అవతలికి తిప్పుకొని రెండు గుక్కలు తాగేది.

ఎండలు ముదిరినాక డ్రిల్లు కోర్సు అప్లికేషన్లు తెరిచినారు. మా అంగడి ముందర పొద్దున్నుంచే వరస. నేను నా అప్లికేషను సగం నింపి, సర్టిఫికెట్టు కోసం ఆపి పెట్టుకున్నాను. గడువుకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ పొద్దు పదకొండు గంటలప్పుడు తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి కూతురును వెంటబెట్టుకొని వచ్చినాడు. మా ఓనరు లేచి నిలబడి ఆయనకు కుర్చీ వేసినాడు. ఆయన్ను నేను ఊర్లో ఫ్లెక్సీల మీద చూసినాను.

"ముందు వీళ్ళది చూడమ్మా," అన్నాడు ఓనరు.

ఆ అమ్మాయి ఫైలు తెరిచి కాగితాలు ఒక్కొక్కటే ఇచ్చింది. పదోతరగతి, ఇంటరు, డిగ్రీ, కులం సర్టిఫికెట్టు. నేను ఒక్కొక్కటే స్కాను మిషన్లో పెడతాండా. ఆఖరున ఇంకొకటి ఇచ్చింది. దాని అంచు రంగు చూడగానే గుర్తుపట్టినాను. సముద్రం ఊర్లో టోర్నమెంటు. మా టీము. మూడో స్థానం. కింద ఏడో నంబరు. పేరు ఆ అమ్మాయిది.

నేను దాన్ని మూడుసార్లు చదివినాను. వరసలో ఉన్నోళ్ళు తోసుకుంటాన్నారు.

"మీరు ఈ ఆట ఆడినారా?" అని అడిగినాను.

"ఊఁ, ఫుట్‌బాల్," అనింది ఆమె.

"బంతి ఎట్లుంటాది?"

ఆమె వాళ్ళ నాయన దిక్కు చూసింది. "బంతి మాదిరే... గుండ్రంగా," అనింది.

"ఏమమ్మా, నువ్వు స్కాను చేసేదానివా, ఇంటర్వ్యూ చేసేదానివా?" అన్నాడు ఆయన, నవ్వుతానే. ఓనరు నా దిక్కు గుడ్లురిమి చూసినాడు.

నేను దాన్ని మిషన్లో పెట్టినాను. సైజు తగ్గించినాను. ఎక్కించినాను. 'విజయవంతంగా సమర్పించబడింది' అని తెర మీద పచ్చ అక్షరాలు వచ్చినాయి. ప్రింటు తీసి ఆ అమ్మాయి చేతికిచ్చినాను. థ్యాంక్స్ అక్కా అనింది. ఆ పని నేను చేయకుండా లేచి బయటికి పోయుండాల్సింది. పోలేదు. దాన్ని ఈ రోజుకు గూడా సమర్థించుకోలేను.

మరుసటి రోజు పెనుకొండకు పోయినాను. సారు ఇస్కూలు స్టాఫురూములో ఒక్కడే కూర్చోని హాజరుపట్టీ రాసుకుంటాండాడు. నన్ను చూడగానే ఆయనకు అర్థమయింది. పెన్ను మూత పెట్టినాడు.

"సారూ, ఏడో నంబరు ఎవరు?"

ఆయన కుర్చీ ఒకటి నా దిక్కు జరిపినాడు.

"కూర్చోమ్మా."

"నిలబడే ఉంటా. ఏడో నంబరు ఎవరు సారూ?"

"నువ్వే," అన్నాడు. "నువ్వే, నేను కాదంటాండానా? మా అమ్మ సంగతి నీకు తెలుసు. ధర్మవరానికి మార్పిస్తామని ఆ పాప నాయన మాటిచ్చినాడు. పదకొండేండ్ల నుంచి తిరుగుతాండా ఆ మార్పు కోసం. ఆ పాపకు ఈ ఏడాది ఒక్కటే అవకాశం, వయసు దాటిపోతాది. నీకేం, చిన్నదానివి. వచ్చే ఏడు మళ్ళ ఆడతావు, మళ్ళ గెలుస్తావు. నీ మీద నాకా నమ్మకం ఉండాది కాబట్టే..."

"నమ్మకం ఉండాది కాబట్టి నాది తీసిచ్చినారా?"

"ఇంకెవరిది తీసినా వాళ్ళు మళ్ళ తెచ్చుకోలేరు పాపా."

ఆ మాట పొగడ్త అనుకున్నాడో ఏమో. నేను బయటికి వచ్చేసినాను. గేటు కాడ నిలబడి నా స్నేహితురాలికి ఫోను చేసినాను. ఆమె గొర్రెల కాడుంది, గంటలు వినపడతాండాయి. జరిగిందంతా చెప్పినాను. ఏడ్చినాను గూడా.

"ఇంటాండావా?" అన్నాను.

"ఇంటాండా," అనింది. "ఇప్పుడేం చేస్తావు?"

"అర్జీ పెడతా."

ఆమె గొర్రెలను అదిలించిన కేక వినపడింది. "ఆలోచించి చెయ్," అని పెట్టేసింది.

అర్జీ నేనే టైపు చేసుకున్నాను. టోర్నమెంటు పెట్టిన ఆటల సంఘానికి పంపినాను. అందులో ఇంకెవరి పేరూ చెడ్డగా రాయలేదు. ఏడో నంబరుతో ఆడింది నేను, నా సర్టిఫికెట్టు నాకు ఇప్పించండి, అంతే రాసినాను. ఈలోపల అప్లికేషను గడువు అయిపోయింది. సర్టిఫికెట్టు లేకుండా నేను వేయలేదు. వేసుంటే ఆ ఏడాదే సీటు వచ్చేదేమో. పంతం పట్టినాను.

రెండు నెలలకు సంఘం నుంచి ఒక పెద్దాయన విచారణకు వచ్చినాడు. సారు ఇస్కూల్లోనే, ఒక క్లాసురూములో మమ్మల్ని కూర్చోబెట్టినారు. పన్నెండు మందిలో ఆరుగురు మాత్రమే వచ్చినారు. నాయన నాతో వచ్చి బయట వరండాలో నిలబడినాడు. నేను ఉన్న ఫొటోలన్నీ చూపించినాను. అవన్నీ సారు తీసి గ్రూపులో పెట్టినవే. ధర్మవరం స్టేషనులో జట్టంతా స్వెట్టర్లతో నిలబడిన ఫొటోలో నేను ఉన్నాను. ఆడేటప్పుడు తీసిన దాంట్లో వీపు మీద ఏడు కనపడుతుంది గానీ మొగం కనపడదు.

పెద్దాయన ఫొటోలు చూసి, "కెప్టెన్ ఎవరు?" అన్నాడు.

నా స్నేహితురాలు లేచి నిలబడింది. ఆ రోజు ఆమె కొత్త చుడీదారు వేసుకుని, తలకు నూనె పెట్టి గట్టిగా జడ వేసుకునింది. నా దిక్కు చూడలేదు.

"ఏడో నంబరుతో ఆడింది ఎవరమ్మా?"

"ఆ అమ్మాయే సార్," అనింది. పెద్దమనిషి కూతురి పేరు చెప్పింది.

"మరి ఈమె?"

"ఈమె మాతో వచ్చింది సార్. నీళ్ళు అందిచ్చేకి, కట్లు కట్టేకి."

నేను ఆమె పేరు పెట్టి పిలిచినాను. ఆమె తల ఎత్తలేదు. పెద్దాయన తన ఫైలులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందర పెట్టినాడు. "ఇది సర్టిఫికెట్ల కోసం పంపిన లిస్టు. కింద సంతకం నీదేనా?"

"నాదే సార్."

నేను లేచి పోయి ఆ కాగితం చూసినాను. పన్నెండు పేర్లు. ఏడు కాడ ఆ అమ్మాయి పేరు. కింద సారు సంతకం, దాని పక్కన నా స్నేహితురాలి గుండ్రటి సంతకం, దాని కింద తారీఖు. మేము సముద్రం కాడి నుంచి వచ్చిన మూడో రోజు.

అంటే నా పక్కన లేచి సర్టిఫికెట్టు తీసుకున్నప్పుడు ఆమెకు తెలుసు. నేను దాన్ని ల్యామినేషను చేసిచ్చినప్పుడు తెలుసు. రంజాను నెలంతా గట్టు మీద నా పక్కన కూర్చున్నప్పుడు తెలుసు. సారు చేసింది తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ తారీఖు చూసినప్పుడు కోపం రాలేదు. దాని మీద వేలు పెట్టి మళ్ళ చదివినాను. మిగిలిన అమ్మాయిలు ఒక్కొక్కరే, కెప్టెన్ చెప్పిందే నిజమని చెప్పినారు. నాయన గోలు కట్టెలకు మెత్తలు కట్టింది ఎవరి కోసమో, ఆ ధర్మవరం అమ్మాయి గూడా.

బయట కొళాయి కాడ ఆమెను నిలబెట్టినాను.

"ఎందుకు చేసినావే?"

"సారు చెప్పినాడు. నీ అర్జీ నిజమని తేలితే టీము మొత్తం సర్టిఫికెట్లు రద్దు చేస్తారంట. అందరివీ."

"అది ఇప్పుడు. లిస్టు మీద సంతకం అప్పుడే పెట్టినావు కదా. అప్పుడెవరు రద్దు చేస్తామన్నారు?"

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత ఒక్కసారిగా నా మొగంలోకి చూసింది.

"నాది తీస్తామన్నాడు మొదట. ఆరు గానీ ఏడు గానీ, ఇద్దరిలో ఒకరిది అన్నాడు. నన్నే చెప్పమన్నాడు. నీకు నాయన ఉండాడు. అంగడి ఉండాది, పని ఉండాది. నాకేముండాది? ఈ కాగితం లేకుంటే ఆ గొర్రెలెంబడే పోతా నేను. నువ్వైతే ఏం చేసేదానివి?"

"నీకు చెప్పేదాన్ని," అన్నాను. "చెప్పి, ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం."

ఆమె ఏడ్చింది అప్పుడు. నేను ఏడవలేదు. వరండాలోంచి నాయన వచ్చి, "పోదాం పాపా, బస్సుకు యాళయింది," అన్నాడు. ఆమె దిక్కు తిరిగి, "నువ్వు బాగుండావా అమ్మా?" అని అడిగినాడు. ఆయనకు లోపల ఏం జరిగిందో తెల్దు. ఆమె తల ఊపింది. బస్సులో కియా ఫ్యాక్టరీ దాటేదాకా నేను నాయనకు ఏమీ చెప్పలేదు. చెప్పినాక ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. అననందుకు ఆయన మీద గూడా నాకు ఆ రోజు కోపం వచ్చింది.

నా అర్జీకి ఆధారాలు లేవని జవాబు వచ్చింది. నా స్నేహితురాలికి సీటు వచ్చింది. ఆ పెద్దమనిషి కూతురికీ వచ్చింది. ఆమె రెండు నెలలు పోయి, హాస్టలు తిండి పడలేదని మానేసిందంట. ఆ సీటు ఎవరికీ ఇయ్యలేదు. సారు ధర్మవరానికి మారిపోయినాడు. ఆయన పోయినాక పెనుకొండ గ్రౌండులో ఆ ఆట ఆడేవాళ్ళు లేరు.

నేను ఆ ఏడాదంతా పొద్దున్నే లేచి హిందూపురం ఇస్కూలు గ్రౌండులో ఒక్కదాన్నే పరిగెత్తినాను. బంతి ముట్టుకోలేదు. మరుసటి ఏడాది సర్టిఫికెట్టు మార్కులు లేకుండానే పరీక్ష రాసి, పరుగులో మంచి టైము తెచ్చుకున్నాను. సీటు వచ్చింది. అదే కాలేజీలో. ఆమె రెండో సంవత్సరం, నేను మొదటిది.

మొదటి రోజు మెస్సు కాడ ఎదురుపడినాము. ఆమె నిలబడిపోయింది. నేను ప్లేటు తీసుకొని పక్కకు పోయినాను. తర్వాత అట్లనే అలవాటయింది. ఒకే గ్రౌండు, ఒకే ఈల, అయినా మాట లేదు. నా బట్టలు తీగ మీద తడుస్తాంటే ఎవరో తీసి మడతపెట్టి నా మంచం మీద పెట్టేవాళ్ళు. ఎవరో నాకు తెలుసు. నేను వాటిని విప్పి మళ్ళ మడతపెట్టుకునేదాన్ని.

పోయిన నెలలో ఒక సాయంత్రం, మా లెక్చరరు కొత్త ఆటలని చెప్పి ఒక సంచి తెచ్చి గ్రౌండు మధ్యలో కుమ్మరించినాడు. అందులోంచి ఒక కోలబంతి దొర్లుకుంటూ వచ్చి వరస ముందర ఆగింది.

"ఇది ఆడటం తెలిసినోళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

రెండో సంవత్సరం వరసలోంచి ఆమె చెయ్యెత్తింది. లెక్చరరు రమ్మన్నాడు. ఆమె వచ్చి బంతి తీసుకొని, రొంతసేపు దాన్నే చూసింది. అందరూ ఇంటాండగా గట్టిగా, "సార్, నాకంటే ఆమె బాగా ఆడతాది. మూడో స్థానం వచ్చింది ఆమె కొట్టిన గోలుతోనే," అని నన్ను చూపించింది.

ఏడాదిన్నర కిందట, ఆ క్లాసురూములో ఆ మాట చెప్పుంటే నా బతుకు వేరే మాదిరి ఉండేది. వరస మొత్తం నా దిక్కు తిరిగింది.

"అవునామ్మా? ఆడినావా?" అన్నాడు లెక్చరరు.

"లేదు సార్. నాకు ఈ ఆట తెల్దు," అన్నాను.

ఆమె మొగం తెల్లబోయింది. ఆమెను అట్ల చూడాలనే నేను ఆ మాట అన్నాను. చూసినాను. అనుకున్నంత తృప్తి కలగలేదు. ఆమె మెల్లగా బంతిని నేలకు కొట్టి, అందుకొని, ఎట్ల పట్టుకోవల్లనో అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. నేను అందరితో పాటు వరసలో నిలబడి, ఏమీ తెలియని దాని మాదిరి నేర్చుకున్నాను.

ఆమె తర్వాత ఇంకో రెండుసార్లు నాతో మాట్లాడాలని వచ్చింది. నేను మాట్లాడలేదు. వచ్చే ఎండాకాలానికి ఆమె కోర్సు అయిపోతుంది, పోతుంది. ఆలోపల మాట్లాడతానేమో, మాట్లాడనేమో నాకు తెల్దు. ఇప్పటికైతే ఆమె కనపడినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ కాగితం మీది తారీఖే.